వాలు గోడకి అద్దం: పారిస్ పై అంతస్తు కథ

ఈరోజు టాపిక్ వింటే ఇదేం హిస్టరీ అని నవ్వుతారు. బాత్రూం గోడ నిటారుగా లేకపోతే అద్దం ఎలా తగిలించాలి? పారిస్‌లో మాస్టర్స్ చేస్తున్న నా బీటెక్ ఫ్రెండ్ అడిగాడు. పాత బిల్డింగ్‌లో చిట్టచివరి అంతస్తు వాడిది. వాష్‌బేసిన్ దగ్గర గోడ తల మీదికి వాలి వస్తుంది.

నిజానికి అది గోడ కాదండీ, పైకప్పు. కింది భాగం బాగా ఏటవాలుగా, పైభాగం దాదాపు చదునుగా ఉండే కప్పు. 17వ శతాబ్దపు ఆర్కిటెక్ట్ ఫ్రాంస్వా మాన్సార్ పేరుతో దాన్ని మాన్సార్డ్ అంటారు. ఆయన కనిపెట్టలేదు, ఫేమస్ చేశాడంతే. 1783లో పారిస్‌లో వీధి వెడల్పుని బట్టి బిల్డింగ్ ఎత్తుకి లిమిట్ పెట్టారు. ముందు గోడకి ఒక లెక్క, పైన కప్పుకి ఇంకో లెక్క. ఓనర్లు ఊరుకుంటారా? కప్పు లోపలే ఇంకో అంతస్తు ఇరికించారు. 1853 నుంచి 1870 వరకు ప్రిఫెక్ట్‌గా ఉన్న ఓస్మాన్ కాలంలో వరసగా లేచిన బిల్డింగుల్లోనూ ఇదే కథ.

మరి ఆ అంతస్తులో ఎవరుండేవాళ్లు? కింద ఫ్లాట్లలో పనిచేసే అమ్మాయిలు. ఆ గదుల పేరే 'షాంబ్ర్ ద బోన్', అంటే పనిమనిషి గది. వెనక మెట్ల మీంచి ఎక్కాలి. నీళ్లు బయట వరండా కుళాయి నుంచి తెచ్చుకోవాలి. బాత్రూం అంటే గదిలో ఒక గిన్నె, ఒక కూజా.

ఇప్పుడు అద్దం సంగతి. గోడ నిటారు నుంచి 20 డిగ్రీలు లోపలికి వాలిందనుకుందాం. అద్దం దానికి అతికిస్తే అది కిందికి చూస్తుంది, మనకి మొహం బదులు చొక్కా గుండీలు కనిపిస్తాయి. 60 సెంటీమీటర్ల దూరంలో నిలబడితే, మన కళ్లు మనకి కనపడాలంటే అద్దం కంటి ఎత్తుకన్నా 19 సెంటీమీటర్లు పైకి ఉండాలి, మెడ ఎత్తి చూడాలి. అదే మేకుకి పైఅంచు నుంచి వేలాడదీశారనుకోండి, గురుత్వాకర్షణే దాన్ని నిటారుగా ఉంచుతుంది. 60 సెంటీమీటర్ల అద్దమైతే కింద దాదాపు 22 సెంటీమీటర్ల ఖాళీ వస్తుంది. ఊగకుండా అక్కడ ఒక చెక్క ఆసరా పెడితే చాలు. మా వాడికి నేను చెప్పింది ఇదే. మేకు మాత్రం పైపూతలోకి కాదు, కప్పు మోసే దూలంలోకి దిగాలి. లేకపోతే అద్దం కాళ్ల మీద పడుతుంది.

కావలసిన కోణానికి తిప్పుకునే అద్దం అప్పటికే ఉంది. రెండు పక్కలా ఇరుసు మీద తిరిగే నిలువుటద్దం, పేరు 'ప్సిషే'. 19వ శతాబ్దం మొదట్లో డబ్బున్నవాళ్ల పడకగదుల్లో అదో ఫ్యాషన్. కోణం మార్చుకోవలసిన అవసరం పైగదిలో, మార్చుకునే అద్దం కింది ఫ్లాట్‌లో. నాకైతే ఇది వెర్సాయ్‌లో ఉన్న 357 అద్దాల కంటే ఎక్కువ విషయం చెబుతుంది.

ఇప్పుడా గదుల్లో స్టూడెంట్లు కూడా ఉంటారు. అద్దెకివ్వాలంటే 9 చదరపు మీటర్ల నేల, 2.20 మీటర్ల ఎత్తు ఉండాలి, లేదా 20 ఘనపు మీటర్ల గాలి. ఫ్లాట్ అమ్మేటప్పుడు మాత్రం 1996 నాటి కారే చట్టం ప్రకారం 1.80 మీటర్ల కన్నా తక్కువ ఎత్తున్న చోటు లెక్కలోకి రాదు. మా వాడు టేప్ పెట్టి కొలిచాడు. ఆ బేసిన్ ఉన్న చోట ఎత్తు 1.74.