వైద్యుని ముఖం చూసి భయపడిన దైవసేవకుడు



మన ఊళ్లో గుడి గంట వేళ కాని వేళ మోగితే ఏమవుతుందో మీకు తెలుసు. అన్నం కలుపుతున్న చెయ్యి ఆగిపోతుంది. "ఎవరు పోయారో" అనుకుంటూ ఆడవాళ్లు వాకిట్లోకి వస్తారు. మంచం పట్టిన మనిషి ఉన్న ఇంట్లో మాత్రం ఆ మాట ఎవరూ పైకి అనరు. అలాంటి గంటను మంచం మీద నుంచి విన్న ఒక సేవకుని సంగతి ఈ వారం చెప్పుకుందాం. నాలుగు వందల ఏళ్ల నాటి మాట.

ఆయన పేరు జాన్ డన్. లండన్‌లో సెయింట్ పాల్స్ అనే పెద్ద దేవాలయానికి 1621 నుంచి ప్రధాన గురువు. కవి, పేరుమోసిన ప్రసంగీకుడు. చావు ఆయనకు కొత్త కాదు. తమ్ముడు హెన్రీ ఒక కతోలిక గురువుకు చోటిచ్చాడని జైల్లో వేస్తే, 1593లో అక్కడే జబ్బుచేసి చనిపోయాడు. భార్య ఆన్ 1617లో, పన్నెండవ కాన్పు తరువాత కన్నుమూసింది. 1623 చివర్లో ఆయనే మంచం పట్టాడు. అది టైఫస్ జ్వరమని కొందరు, తిరగబెట్టే రకం జ్వరమని కొందరు చరిత్రకారులు అంటారు. ఒంటి మీద మచ్చలు లేచాయి. అంటుకుంటుందని చూడటానికి వచ్చేవాళ్లు తగ్గిపోయారు. రాజు జేమ్స్ తన సొంత వైద్యుణ్ణి పంపాడు. తలకెక్కిన ఆవిరిని లాగుతాయని ఆనాటి వైద్యులు పావురాలను కూడా వాడారు (ఇప్పుడు వింటే నవ్వొస్తుంది గాని, మన నాటు వైద్యాల మాట తరువాత చూసుకుందాం).

ఆ జబ్బులోనే ఆయన ఒక పుస్తకం రాశాడు. 1624లో అచ్చయింది. మొత్తం 23 అధ్యాయాలు, జబ్బు ఒక్కో మెట్టు ముదిరి, మళ్లీ తగ్గిన వరుసలో ఉంటాయి. ప్రతి అధ్యాయంలో ముందు ధ్యానం, తరువాత దేవునితో వాదన, చివర ప్రార్థన. వాదన అనే మాట మేము కావాలనే రాశాం. ఆ మధ్య భాగంలో ఆయన దేవుణ్ణి నిలదీస్తాడు, అడుగుతాడు, మళ్లీ అడుగుతాడు.

మమ్మల్ని ఆపేసింది ఆరవ అధ్యాయం. అది పూర్తిగా భయం గురించే. వైద్యుడు రోగాన్ని ఎంత శ్రద్ధగా చూస్తున్నాడో, తాను వైద్యుని ముఖాన్ని అంత శ్రద్ధగా చూస్తున్నానంటాడు డన్. వైద్యుడు భయపడుతున్నాడని కనిపెట్టాడు. ఆయన దాన్ని దాచిపెడుతున్నాడు కాబట్టి రోగికి ఇంకా ఎక్కువ భయం పుట్టింది. ఆసుపత్రి వరండాలో నిలబడి, స్కానింగ్ కాగితం చూస్తున్న డాక్టరు గారి కనుబొమ్మలు చూసినవాళ్లకు ఈ మాట వివరించనక్కర్లేదు. ఇంకో మాట కూడా అంటాడు. కడుపులో వాయువు రకరకాల రోగాల్లా కనబడి మోసం చేసినట్టే, భయం కూడా మనసులో రకరకాల వేషాలు వేస్తుందట.

ఇక్కడ మా తప్పొకటి ఒప్పుకోవాలి. కొన్నేళ్ల క్రితం మన సహోదరి ఒకామె గడ్డలోంచి ముక్క తీసి పరీక్షకు పంపారు. రిపోర్టు రాని ఆ రోజుల్లో మేము ప్రార్థనకు వెళ్లాం. "రాత్రిళ్లు భయమేస్తోందండీ పాస్టర్ గారూ" అంది. "విశ్వాసురాలివి, నువ్వు భయపడొచ్చా అమ్మా? సాతానుకు చోటివ్వకు" అన్నాం. తల ఊపింది. ఆ తరువాత మా ముందు ఎప్పుడూ ఆ మాట ఎత్తలేదు. విశ్వాసంలో బలపడిందని సంతోషించాం కూడా. అమ్మ వంటింట్లో లైటు వేసుకుని తెల్లవార్లూ కూర్చునేదని ఆమె కూతురు చాలా రోజులకు చెప్పింది.

డన్ అలా నోరు మూసుకోలేదు. లేఖనాల్లో భయపడినవాళ్లను ఒక్కొక్కరినీ ముందుకు తెస్తాడు. అరిమతయియ యోసేపు భయంవల్ల రహస్య శిష్యుడు. మేడగదిలో శిష్యులు భయపడి తలుపులు మూసుకున్నారు, అయినా కూడి ఉన్నారు. సమాధి దగ్గర నుంచి స్త్రీలు భయంతోను మహా ఆనందంతోను పరుగెత్తారని మత్తయి సువార్త 28లో ఉంది కదా. భయం, ఆనందం వాళ్లకు రెండు కాళ్లయ్యాయని, రెండూ కుడికాళ్లేనని డన్ అంటాడు. చివర ప్రార్థనలో భయమే లేకుండా చెయ్యమని అడగడు. ఏ భయమైతే తనను బెదరగొట్టదో ఆ భయాన్ని, అంటే దేవునియందలి భయాన్ని, ఇమ్మని అడుగుతాడు.

తరువాతి అధ్యాయాల్లో గంట వస్తుంది. పక్క గుడిలో రోజూ ఎవరికోసమో మోగుతూ ఉంటుంది. అది తనను కూడా పిలుస్తోందని ఆయన పడుకుని వింటాడు.

ఆయన బాగుపడ్డాడు. 1631 వరకు బ్రతికి ప్రసంగించాడు. కానీ పుస్తకాన్ని స్వస్థత సాక్ష్యంతో ముగించలేదు. లేచి నిలబడ్డాక కూడా, చివరి అధ్యాయం జ్వరం తిరగబెడుతుందేమోనన్న భయం గురించే. దాన్ని కూడా ప్రార్థనగా మార్చి దేవుని ముందు పెట్టాడు.

మన సహోదరి ఇప్పుడు ఆరు నెలలకోసారి చెకప్‌కు వెళ్తోంది. పోయినసారి ముందురోజు సాయంత్రం మేమిద్దరం వాళ్లింటికి వెళ్లాం. "భయంగా ఉందా అమ్మా?" అని ఈసారి మేమే అడిగాం. పొయ్యి మీద టీ పొంగిపోయేదాకా చెబుతూనే ఉంది. తరువాత ముగ్గురం మోకరించాం. ముందు ఆమే ప్రార్థించింది.