నేతగాని బయానా, నేటి నియామకపత్రము

పెండ్లిమర్రి మొదలగు పల్లెలనుండి కడపకును ప్రొద్దుటూరునకును పోయి, ఏదో యొక పెద్ద సంస్థ పేరుతో నడచు దుకాణములో కుదురుకొను యువకులను మన మెఱుగుదుము. సంస్థ తన పేరును, వ్యాపారపద్ధతిని రుసుము గైకొని స్థానిక వర్తకున కొసగును; దీనినే ఫ్రాంచైజీ యందురు. అట్టి చోట్ల చేరునాడు వ్రాయించుకొను పత్రములలో నొక్కొక్కప్పు డొక షరతు కానవచ్చును: పని మానిన పిదప కొన్ని యేండ్లవఱకు అట్టి వ్యాపారమున మఱియొకచోట చేరరాదు, స్వయముగా పెట్టరాదు. మేనేజరేమి, గుమాస్తాయేమి, చదువకయే చేవ్రాలు చేయును. ఈ షరతు నేడు పుట్టినది కాదు.

ఈస్టిండియా కంపెనీవారు 1793లో బంగాళమున నొక నిబంధన చేసిరి. దాని ప్రకారము, వారి బయానా పుచ్చుకొన్న నేతగాడు ఒప్పుకొన్న శ్రమనుగాని వస్త్రమునుగాని యితరుల కీయరాదు. దక్షిణమునను ఇదియే తీరు. 1800 మొదలు 1807 వఱకు మన దత్తమండలములకు ప్రధాన కలెక్టరుగా నుండిన థామస్ మన్రో, అంతకుముందు బారామహలులో పనిచేసినవాడు. అచ్చటి నేతగాండ్రలో ముఖ్యులను చేర్చి, కంపెనీకి మాత్రమే బట్ట లిత్తుమని యొప్పుకొనువఱకు వారిపై కావలి యుంచిరని యతడు 1813లో పార్లమెంటు ఎదుట సాక్ష్యమిచ్చెను. బట్ట యాలస్యమైనచో వాకిట బంట్రోతు నిలుచువాడు. తరువాత 1859 చట్టము, బయానా గొని పని చేయని కూలివానికి మూడునెలలవఱకు చెఱ విధింప వీలు కల్పించెను. ఆ చట్టము 1925లోగాని రద్దు కాలేదు.

అయినను, ఆ పాలనలోనే 1872 కాంట్రాక్టు చట్టము పుట్టినది. దాని 27వ సెక్షను, న్యాయమైన వృత్తినిగాని వ్యాపారమునుగాని చేయకుండ నిరోధించు ఒప్పందము అంతమేరకు చెల్లదని శాసించెను. వ్యాపారమును దాని మంచిపేరుతో అమ్మివేసినవానికి మాత్రమే మినహాయింపు. ఇంగ్లండులో సమంజసమైన నిరోధమును న్యాయస్థానములు మన్నించును. మన చట్ట మా సందు విడువలేదు. ఒక్క పేటలో మాత్రము దుకాణము మూయవలెనన్న యొప్పందము సైతము చెల్లదని కలకత్తా హైకోర్టు 1874లో తీర్పు చెప్పెను.

ఇచ్చట నొక భేదము గమనింపవలెను. ఒప్పందకాలములోని నిరోధము వేఱు, పిమ్మటి నిరోధము వేఱు. కొలువు గడువులో పోటీదారుని యొద్ద చేరరాదన్న షరతును సుప్రీంకోర్టు 1967లో నిలిపెను. కోకాకోలా ఫ్రాంచైజీ పొందిన గుజరాతు సంస్థ, ఒప్పందము సాగునంతకాలము ఇతర పానీయములు తయారుచేయరాదన్న షరతును 1995లో సమర్థించెను. గడువు తీరిన పిదప వర్తించు నిరోధము చెల్లదని 2006లో మరల చెప్పెను. యజమాని రహస్యములను దొంగిలించుటకు ఇది అనుమతి కాదు. నేర్చిన పనితో బ్రతుకుటకు మాత్రము అడ్డులేదు.

మఱి, చెల్లని షరతును వ్రాయుట యెందులకు? భయమునకే. చట్ట మెఱుగని యువకుడు, వ్యాజ్యమునకు వెఱచి, హెచ్చు జీతము వచ్చుచోటు విడిచి యిల్లు చేరును. కోర్టునకు పోకయే యజమాని గెలుచును. నాడు వాకిట నిలిచిన బంట్రోతు నేడు మనస్సులో నిలిచియున్నాడు. వానిని పంపివేయుటకు క్రొత్త శాసనము అక్కఱలేదు. ఉన్నతపాఠశాల విడుచు ప్రతి బాలునకు, బాలికకు ఆ 27వ సెక్షను అర్థము తెలుగున చెప్పి పంపుద మని తోడి యుపాధ్యాయులను కోరుచున్నాము.