గ్రీన్ బ్యాంక్ సదస్సు: ఏడవ పదం

భూమికి ఆవల ప్రాణమున్నదా అన్న జిజ్ఞాస అతి ప్రాచీనం. శాస్త్రజ్ఞులు ఆ ప్రశ్న కోసమే సమావేశమై విచారణ సాగించడం మాత్రం ఇటీవలి సంగతి. 1961 నవంబరు ఆరంభంలో, అమెరికాలోని పశ్చిమ వర్జీనియా కొండల నడుమ, గ్రీన్ బ్యాంక్ రేడియో ఖగోళ వేధశాలలో అటువంటి సదస్సు ఒకటి జరిగింది. పాల్గొన్నవారు పట్టుమని పన్నెండుగురు కూడా లేరు.

దీనికి పూర్వరంగం కొంత ఉన్నది. నక్షత్రాంతర సంకేతాలను రేడియో తరంగాలలో అన్వేషించవచ్చునని కొక్కోని, మోరిసన్ అనే భౌతికవేత్తలు 1959లో ప్రతిపాదించారు. మరుసటి వత్సరమే ముప్పది ఏండ్లు నిండని ఫ్రాంక్ డ్రేక్ గ్రీన్ బ్యాంక్‌లోని 85 అడుగుల రేడియో దూరదర్శినిని రెండు సమీప నక్షత్రాల వైపు నిలిపి, ఉదజని వెలువరించే 21 సెంటీమీటర్ల తరంగాల వద్ద శ్రద్ధగా ఆలకించాడు. ఒకసారి బలమైన స్పందనలు వినవచ్చాయి గాని, అవి భూసంబంధమైనవేనని తేలింది. తక్కినదంతా మౌనమే.

ఆ మౌనం అనంతరం ఏర్పడినదే ఈ సదస్సు. చర్చకు ఒక క్రమం కావాలని డ్రేక్ ఏడు పదాలను వరుసగా వ్రాశాడు: మన నక్షత్రవీథిలో ఏటా జన్మించే తారల సంఖ్య, వాటిలో గ్రహాలు గలవాటి భాగం, ఒక్కొక్క వ్యవస్థలో జీవయోగ్యమైన గ్రహాలు, వాటిపై ప్రాణోత్పత్తి, బుద్ధి వికాసం, సంకేతాలు పంపగల సామర్థ్యం, చివరకు అట్టి నాగరికత యొక్క ఆయుర్దాయం. వీటి గుణలబ్ధమే సంభాషించగల నాగరికతల సంఖ్య. నేడు డ్రేక్ సమీకరణంగా లోకప్రసిద్ధమైన ఈ సూత్రం మొదట కేవలం చర్చనీయాంశాల పట్టిక!

వేధశాలాధిపతి ఆటో స్ట్రూవ్, యువకుడైన కార్ల్ సాగన్, కిరణజన్య సంయోగక్రియను శోధించిన మెల్విన్ కాల్విన్ అందరూ అక్కడ ఉన్నారు. కాల్విన్‌కు నోబెల్ పురస్కారం లభించిన వార్త ఆ సమావేశంలోనే అందింది. డాల్ఫిన్ల బుద్ధిని గురించి జాన్ లిల్లీ చెప్పిన విశేషాలకు ముగ్ధులై, వారు తమ బృందానికి డాల్ఫిన్ పేరే పెట్టుకున్నారు. పండితులలోనూ బాల్యం మిగిలి ఉంటుంది కాబోలు.

అయితే విచారణ ఏడవ పదం వద్దకు రాగానే ఖగోళశాస్త్రం నిలిచిపోయింది. మొదటి ఆరు పదాల గుణలబ్ధం ఇంచుమించు ఒకటి అని వారు అంచనా వేశారు. అనగా నాగరికతల సంఖ్య వాటి ఆయుర్దాయపు సంవత్సరాల సంఖ్యకు దాదాపు సమానం. వేయి నుండి పది కోట్ల వరకు ఎంతైనా కావచ్చునన్నారు. దీనిని అనిశ్చయం అనడం కంటె భయమనడమే న్యాయం. ఆ వారంలోనే, అక్టోబరు 30న, సోవియట్ దేశం చరిత్రలోకెల్లా శక్తిమంతమైన ఉదజని బాంబును పేల్చింది. నక్షత్రాలను గూర్చి అడిగిన ప్రశ్న అడిగినవారి వైపే తిరిగింది.

మన పురాణోక్త చతుర్దశ భువనాలను ఈ గ్రహాలతో ముడిపెట్టే ఉత్సాహం కొందరిలో కనబడుతుంది. అవి కర్మఫలానుభవానికి సంబంధించిన లోకాలు. దూరదర్శినికి గోచరించేవి కావు. రెండు విచారణలనూ కలపడం రెంటికీ అన్యాయమే.

1971లో సోవియట్ ఆర్మేనియాలోని బ్యురకాన్‌లో, శీతల యుద్ధం కొనసాగుతుండగానే, ఉభయ దేశాల శాస్త్రజ్ఞులు ఇదే ప్రశ్న కోసం కలసి కూర్చున్నారు. 1995లో సూర్యసదృశమైన ఒక తార చుట్టూ తిరిగే గ్రహం కనబడింది. నేడు అట్టి పరగ్రహాలు అయిదు వేలకు పైబడి నిర్ధారితమయ్యాయి. కనుక రెండవ పదం ఊహ నుండి గణనలోకి వచ్చింది. డ్రేక్ 2022లో కన్నుమూశాడు. గ్రీన్ బ్యాంక్‌లో నాటి సభ జరిగిన గదిలో ఆ సమీకరణాన్ని చెక్కిన ఫలకం ఉన్నది. ఏడవ పదానికి విలువ నేటికీ నిర్ణయం కాలేదు.