మేఘన ఒడ్డున మస్లిన్ మరణం

ఢాకా మస్లిన్ పోయింది. మొగలు అంతఃపురాల్లో, ఫ్రెంచి రాణివాసాల్లో మెరిసిన ఆ వలిపం పంతొమ్మిదో శతాబ్దం నడిమికల్లా కొడిగట్టి, ఆ తర్వాత ఆరిపోయింది. ముగింపు ముందే తెలిసిన కథ ఇది. అయినా చదివిన ప్రతిసారీ, ఈసారైనా ఎవరో ఒకరు అడ్డుపడకపోతారా అని మనసు ఆశపడుతూనే ఉంటుంది.

ఫుటీ కార్పాస్ అనే పత్తి ఢాకా చుట్టుపక్కల, మేఘనా నదీ, దాని పాయలూ ఒండ్రు పరిచిన నేలల్లో పండేది. ఆ పత్తిని గింజతోనే చేతిలోకి తీసుకుని, వాలుగ చేప దవడ ఎముకతో, దాని సన్నసన్నని పళ్ళతో, ఆడవాళ్ళు ఓపికగా దువ్వేవారు. ఏకిన దూదిని దుమ్ము తగలకుండా కుచియా చేప నున్నటి తోలులో చుట్టి దాచేవారు. సూదంత సన్నని ఇనుప కదురు మొనను గుల్లముక్క మీద ఆనించి, వేలికొసలతో తిప్పుతూ పోగు తీసేవారు. ఎండ ముదిరితే పోగు తెగుతుంది. అందుకని వేకువనా, పొద్దువాలాకా వడికేవారు. గాలిలో తడి చాలని రోజుల్లో పక్కన నీళ్ళ పళ్ళెం పెట్టుకునేవారు. ఉదయాలన్నీ ధారపోస్తే నెలకు అర తులం నూలు. చూపు మందగిస్తే ఇక ఆ నూలు తీయలేరు. కాబట్టి ఆ విద్య తల్లి చేతి నుంచి కూతురి చేతికి ఎడం లేకుండా అందాలి. ఒక్క తరం వదిలేస్తే చాలు, అంతా పోతుంది.

1586లో ఢాకా దగ్గరి సోనార్‌గావ్ చూసిన ఇంగ్లీషు వర్తకుడు రాల్ఫ్ ఫిచ్, హిందుస్థానం మొత్తంలో మేలైన నూలుబట్ట అక్కడిదేనని రాసుకున్నాడు. పాదుషా కోసం మల్మల్ ఖాస్ అనే రకాన్ని ప్రత్యేకంగా నేసేవారు. ఒక రకానికి పారే నీటి పేరు, మరొక రకానికి సాయంకాలపు మంచు పేరు పెట్టి మురిసిపోయారు. 1783లో మేరీ ఆంటోనెట్ రాణి పల్చని తెల్ల మస్లిన్ గౌనుతో చిత్రం గీయించుకుంటే పారిస్ ముందు విస్తుపోయింది, తర్వాత తానూ అదే తొడుక్కుంది. నెపోలియన్ భార్య జోసెఫీన్ కాలానికి యూరప్ అంతటా ఆ పల్చదనమే సొగసు.

గుండెను పిండే సంగతి ఇదే. లోకం ఆ బట్టకు మనసిచ్చిన రోజుల్లోనే, నేసినవాళ్ళ ఇంట పొయ్యి వెలగలేదు.

1757లో ప్లాసీ యుద్ధం గెలిచి ఈస్టిండియా కంపెనీ బెంగాల్‌లో పాగా వేసింది. 1765లో దివానీ, అంటే పన్నులు వసూలుచేసే హక్కు, దాని చేతికి వచ్చింది. కంపెనీ గుమాస్తాలు బయానా చేతిలో పెట్టి, ధర తామే చెప్పి, మరొకరికి అమ్మకుండా నేతగాణ్ణి కట్టిపడేశారు. 1770 కరువు బెంగాల్‌లో లక్షల ప్రాణాలు మింగింది. నేతగాళ్ళ బొటనవేళ్ళు నరికిన కథ మనమందరం విన్నాం. 1772లో కంపెనీ మాజీ ఉద్యోగి విలియం బోల్ట్స్ రాసింది అంతకన్నా విషాదం: నిర్బంధపు చాకిరీకి తాళలేక, పట్టునూలు తీసేవాళ్ళు తమ బొటనవేళ్ళు తామే కోసుకున్నారట.

ఆ రోజుల్లోనైనా న్యాయమైన ధర దక్కి ఉంటే! దక్కలేదు. 1779లో ఇంగ్లండులో క్రాంప్టన్ కనిపెట్టిన మ్యూల్ యంత్రం సన్ననూలును గుట్టలుగా వడికింది. ఢాకా బట్ట మీద ఇంగ్లండు భారీ సుంకం వేసింది. 1817లో ఢాకాలోని కంపెనీ వాణిజ్య కార్యాలయం మూతపడింది. కొన్నాళ్ళకు ఇంగ్లండు మిల్లునూలే ఢాకా మగ్గాల మీదికి ఎక్కింది. లక్షన్నర జనం ఉన్న ఊరు ముప్పై నలభై వేలకు పడిపోయిందని, అడవీ మలేరియా ఊరిని కమ్ముకుంటున్నాయని 1840లో కంపెనీలో పనిచేసిన అధికారి చార్లెస్ ట్రెవెల్యన్ బ్రిటిష్ పార్లమెంటు సంఘానికి చెప్పాడు. విన్నారు. అంతే.

1851 లండన్ మహా ప్రదర్శనలో ఢాకా మస్లిన్‌ను జనం కళ్ళప్పగించి చూశారు. అప్పటికింకా కొన్ని ఇళ్ళలో కదురు తిరుగుతూనే ఉంది. ఆ మెచ్చుకోలులో కాస్తంత కూలిగా మారి మేఘన ఒడ్డు చేరి ఉంటే, ఒక్క తల్లి అయినా తన కూతుర్ని పక్కన కూర్చోబెట్టుకునేది కదా! చేరలేదు. వడికేవాళ్ళు లేకపోతే రైతు ఆ పత్తి ఎవరికోసం వేస్తాడు? చివరికి విత్తనమే మాయమైంది.

ఇటీవల బంగ్లాదేశ్‌లో, లండన్ క్యూ వృక్షశాస్త్ర తోటల్లో దాచిన ఫుటీ కార్పాస్ ఎండు నమూనాతో పోల్చి చూసి, దానికి దగ్గరి పత్తిని వెతికి, మళ్ళీ వడకడం మొదలుపెట్టారు. వాళ్ళకు చేతులెత్తి మొక్కాలి. కానీ తెగిన తరాలను ఎవరు అతకగలరు?

మన శ్రీకాకుళం జిల్లా పొందూరులో నేటికీ అదే వాలుగ దవడతో పత్తి ఏకుతున్న ఆడవాళ్ళు ఉన్నారు. వాళ్ళలో చాలామందికి వయసు మీదపడింది. మెచ్చుకోలు ఢాకాను బతికించలేదు. కూలి గిట్టి ఉంటే బతికి ఉండేది. పొందూరు ఖద్దరు కొనేటప్పుడు, దయచేసి, బేరమాడకండి.