చేతిపని విద్య (గోదావరి డెల్టా)

గోదావరి డెల్టాలో పిల్లలకు పనితనం నేర్పడం ప్రాచీనమైనదే. ఆ పనికి తగిన గౌరవం కూడా నేర్పాలన్న ఆలోచన మాత్రం ఇరవయ్యో శతాబ్దంలో బలపడింది.

అంతకుముందు శతాబ్దాల్లో పనికి ఇల్లే బడి. నేతగాళ్ల ఇళ్లలో పిల్లలు కండెలు చుట్టడంతో మొదలుపెట్టి, ఆసు పోయడం, అచ్చు అతకడం నేర్చాక మగ్గం గుంటలోకి దిగేవారు. 17వ శతాబ్దంలో డచ్చివారిని పాలకొల్లుకు రప్పించింది ఈ నేతే. కోరంగి, తాళ్లరేవుల్లో ఓడలు కట్టిన వడ్రంగులు కూడా ఇలా ఇంటి పనిలో ఆరితేరినవారే.

కులంతో ముడిపడని కొత్త పని నరసాపురం ప్రాంతానికి లేసు రూపంలో వచ్చింది. 1844 ప్రాంతంలో స్కాట్లండుకు చెందిన మెక్రే దంపతులు క్రైస్తవ మిషన్ తరఫున స్థానిక స్త్రీలకు ఈ అల్లిక నేర్పారు. ఆ తరువాత దాన్ని వ్యాపింపజేసింది తల్లులే. ఆడపిల్ల తల్లి పక్కన కూర్చుని ముందు గొలుసు అల్లుతుంది, ఆపై పువ్వు, ఆపై అతుకుపని. పేద క్రైస్తవ కుటుంబాల్లో మొదలైన ఈ పని గడప దాటని కాపు స్త్రీల చేతికీ చేరింది. నరసాపురం, పాలకొల్లు లేసు విదేశాలకు ఎగుమతయ్యింది. అయితే దారం ఇచ్చేదీ, సరుకు కొనేదీ మగవారైన ఏజెంట్లు, వర్తకులు. జర్మన్ సామాజిక శాస్త్రవేత్త మారియా మీస్ 1982లో వెలువరించిన గ్రంథంలో ఈ వ్యవస్థను పరిశీలించారు. అల్లేవారిని కార్మికులుగా కాక తీరిక వేళల్లో పనిచేసే గృహిణులుగా లెక్కగట్టడం వల్లనే కూలి అంత తక్కువగా ఉందని ఆమె చూపారు. లేసు చరిత్రలో ఇదే బాధాకరమైన భాగం. కూతురికి పనితనం పూర్తిగా అందింది, దాని విలువ అందలేదు.

పనికి విలువ అన్న ఈ ప్రశ్నను అంతకు చాలా ముందే జాతీయోద్యమం సూటిగా పట్టుకుంది. 1907 ఏప్రిల్‌లో బిపిన్ చంద్రపాల్ రాజమండ్రిలో ఉపన్యసించారు. అక్కడి ట్రెయినింగ్ కాలేజీలో వందేమాతరం నినాదంపై వివాదం రేగి, విద్యార్థి గాడిచర్ల హరిసర్వోత్తమరావు కాలేజీ నుంచి బహిష్కృతులయ్యారు. సర్కారు చదువుకు ప్రత్యామ్నాయం కావాలన్న పట్టుదల జిల్లాల్లో పెరిగింది. ఫలితంగా 1910లో బందరులో ఆంధ్ర జాతీయ కళాశాల ఏర్పడింది. ఇది కృష్ణా డెల్టాలో ఉన్నా, గోదావరి ప్రాంత చరిత్రలో దీనికి చోటివ్వక తప్పదు. కోపల్లె హనుమంతరావు, ముట్నూరి కృష్ణారావు, భోగరాజు పట్టాభి సీతారామయ్య దీని స్థాపకులు. పుస్తకాల చదువుతోపాటు వడ్రంగం, నేత, తివాచీల అల్లిక, చిత్రలేఖనం నేర్పేవారు. న్యాయశాస్త్రం చదివిన హనుమంతరావు వకీలు వృత్తిని కాదని 1922లో మరణించేదాకా ఈ కళాశాలకే జీవితాన్ని ధారపోశారు. ఆయన త్యాగం అసాధారణమైనది. భీమవరం ప్రాంతానికి చెందిన అడివి బాపిరాజు ఇక్కడ ప్రమోద కుమార చటర్జీ వద్ద చిత్రలేఖనం అభ్యసించి, తరువాత 1935 నుంచి కొన్నేళ్లు ఇదే కళాశాలకు ప్రిన్సిపాల్‌గా పనిచేశారు.

రాజమండ్రిలో దామెర్ల రామారావు నెలకొల్పిన చిత్రకళాశాల కూడా ఈ కాలానిదే. చదువుకున్న కుటుంబాల పిల్లలు ఉద్యోగం వైపు కాక కుంచె వైపు రావడం అప్పట్లో సాహసమే. 1925లో మశూచితో 28వ ఏట రామారావు కన్నుమూయగా, వరదా వెంకటరత్నం ఆ కృషిని కొనసాగించారు. సీతానగరంలో బ్రహ్మజోస్యుల సుబ్రహ్మణ్యం 1924లో స్థాపించిన గౌతమీ సత్యాగ్రహాశ్రమం ఖద్దరు పనికి కేంద్రమైంది.

1937లో వార్ధా సదస్సులో గాంధీజీ ప్రతిపాదించిన నయీ తాలీం, ఏడు నుంచి పద్నాలుగేళ్ల పిల్లలకు చేతిపని ద్వారానే అన్ని పాఠాలూ చెప్పాలన్నది. బేసిక్ బడులు వెలిశాయి, పిల్లల చేతికి తకిలీ వచ్చింది. కానీ వడకడం రాని పంతులు వడకడం నేర్పవలసి వచ్చింది, పరీక్షల్లో మార్కులు మాత్రం పుస్తకానికే పడ్డాయి. ఆలోచన గొప్పది, అమలు బలహీనం.

1953 జూన్‌లో, గోదావరి జిల్లాలు ఇంకా మద్రాసు రాష్ట్రంలో ఉండగా, రాజాజీ ప్రభుత్వం గ్రామీణ ప్రాథమిక పాఠశాలల్లో రోజుకు మూడు గంటలే చదువు, మిగతా వేళ తల్లిదండ్రుల వృత్తి అన్న పథకం తెచ్చింది. ఇది పిల్లల్ని కులవృత్తికి కట్టిపడేస్తుందన్న నిరసన న్యాయమైనదే. అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం విడివడింది. 1954లో మద్రాసు ప్రభుత్వం పథకాన్ని రద్దు చేసింది. కొఠారీ కమిషన్ పని అనుభవాన్ని సూచించినా, తరువాతి దశాబ్దాల్లో అది ఎక్కువగా టైంటేబుల్‌లో ఒక పీరియడ్‌గానే మిగిలింది.

నరసాపురం లేసుకు 2024లో భౌగోళిక గుర్తింపు లభించింది. 2020 జాతీయ విద్యావిధానం 6 నుంచి 8 తరగతుల మధ్య పది రోజులు పుస్తకాల సంచి లేకుండా స్థానిక పనివారి దగ్గర నేర్చుకునే వీలు కల్పించింది. ఉప్పాడ జాందానీ నేతగాళ్లు, అజ్జరం ఇత్తడి పనివారు, నరసాపురం లేసు స్త్రీలు ఆ పది రోజులకు గురువులు కాదగినవారు.