పేరులో భాష, పేరులో లిపి

ఊరి పేర్లను, ఇంటి పేర్లను గురించి మన పరిశోధకులు ఎంతో రాశారు. కంప్యూటరులోని సాఫ్ట్‌వేరుకు పేరు పెట్టే పద్ధతికీ ఒక చరిత్ర ఉంది. అందులో తెలుగు ఎక్కడ నిలిచిందో స్థూలంగా పరిశీలిద్దాం.

బెంగుళూరులో 2001లో మొదలైన ‘లినక్స్ బెంగుళూరు’ సమావేశం 2005లో ‘ఫాస్ డాట్ ఇన్’గా పేరు మార్చుకుంది. 2014 నవంబరు 1న ఇంగ్లీషులో నగరం పేరే మారింది. పేరు మారితే పాత పేరుతో వెతికేవాడి గతి ఏమిటి? ఈ ప్రశ్న ఊరికి ఉన్నట్టే సాఫ్ట్‌వేరుకూ ఉంది.

1993లో ఇయాన్ మర్డాక్ ప్రారంభించిన డెబియన్ లినక్స్‌లో ప్రతి సాఫ్ట్‌వేరూ ఒక ప్యాకేజీగా అందుతుంది. దాని పేరులో ఇంగ్లీషు చిన్న అక్షరాలు, అంకెలు, కూడిక గుర్తు, అడ్డగీత, చుక్క మాత్రమే ఉండాలి. కనుక తెలుగు లిపిలో పేరు పెట్టే వీలు లేదు.

తెలుగు ఫాంట్ల ప్యాకేజీ మొదటి పేరు ‘టీటీఎఫ్-తెలుగు-ఫాంట్స్’. ఇందులో టీటీఎఫ్ అనేది ఫైలు రకం. తెలుగు అనేది భాష. 2011 ప్రాంతంలో డెబియన్‌లో ఫాంట్ల పేర్ల పద్ధతి మారి, ఇది ‘ఫాంట్స్-తెలు’ అయింది. చూడగానే ఎవరో పేరును తుంచినట్టు తోస్తుంది. నిజానికి ‘తెలు’ అనేది లిపులకు నాలుగేసి ఇంగ్లీషు అక్షరాల సంకేతాలిచ్చే ఐఎస్ఓ 15924 ప్రమాణంలోనిది. భాషల ప్రమాణం వేరు. ఐఎస్ఓ 639లో తెలుగు సంకేతం ‘టీఈ’. అందుకే అక్షరక్రమం దిద్దే నిఘంటువు ‘యాస్పెల్-టీఈ’ అయింది. నిఘంటువు భాషది, ఫాంటు లిపిది.

ఈ విభజనకు కారణం ఉంది. దేవనాగరి లిపిలో హిందీ, మరాఠీ, నేపాలీ మూడూ రాస్తారు. ఫాంటుకు ఒక భాష పేరు పెడితే తక్కిన రెండింటికీ అన్యాయం.

మనకు తెలుగు లిపి, తెలుగు భాష ఒకటే అనిపిస్తాయి. కానీ ఇంట్లో తెలుగు మాట్లాడుతూ బడిలో కన్నడం చదివినవారు బెంగుళూరులో ఎందరో ఉన్నారు. అమ్మ చెప్పిన పాటను కన్నడ లిపిలో రాసుకున్నవారి భాష ‘టీఈ’, లిపి ‘కేఎన్‌డీఏ’. చదవడం రాదు గనుక వారికి తెలుగే రాదని మనలో కొందరు తేల్చేస్తారు. ఈ సంకేతాలు ఆ తప్పు చేయవు.

అయితే నష్టమూ లేకపోలేదు. పాత పేరులో ‘తెలుగు’ అన్న మాట నిండుగా ఉండేది. కొత్త పేరు ప్రమాణం తెలిసినవారికే తెలుస్తుంది. పేరు మార్చినప్పుడు కొంతకాలం పాత పేరుతో ఒక ఖాళీ ప్యాకేజీని ఉంచి, దాని ద్వారా కొత్తదానికి దారి చూపడం డెబియన్ ఆనవాయితీ. పాత పేరుతో వచ్చినవాణ్ణి వెనక్కి పంపకపోవడం మంచి మర్యాద. లిపి రాకుండా భాషతో మాత్రమే మన తరగతికి వచ్చే విద్యార్థికీ మనం చూపవలసింది ఆ మర్యాదే.