ఫుడ్ ప్రాసెసర్‌లో తరుగుట, తురుముట

ఫుడ్ ప్రాసెసర్ అనేది కూరగాయలు, పనీరు వంటి ఆహార పదార్థాలను తరగడానికి, తురమడానికి, పిండి కలపడానికి ఉపయోగించే విద్యుత్ పరికరం. మిక్సీలో బ్లేడు పాత్ర అడుగున తిరుగుతుంది. ఫుడ్ ప్రాసెసర్‌లో తరిగే, తురిమే డిస్కులు గిన్నె పైభాగాన తిరుగుతాయి. మూతకున్న గొట్టంలో పదార్థాన్ని దించితే డిస్కు దానిని తరిగి గిన్నెలోకి వదులుతుంది. కత్తిపీట, తురుముపీట చేసే పనులు ఇందులో ఒకేచోట జరుగుతాయి. అయితే కత్తిపీట ముందు కూర్చున్నవారు కాయను బట్టి చేతి ఒడుపు మార్చుకుంటారు. యంత్రానికి ఆ వీలు లేదు. కాబట్టి ముక్క బాగా రావడం, రాకపోవడం కాయను ముందుగా సిద్ధం చేసిన తీరుపైనే ఎక్కువగా ఆధారపడి ఉంటుంది.

నేపథ్యం

ఫ్రాన్సుకు చెందిన పియర్ వెర్డాన్ హోటళ్ళ వంటశాలల కోసం రోబో కూప్ యంత్రాన్ని, తరువాత 1971లో గృహావసరాలకు మ్యాజిమిక్స్‌ను రూపొందించాడు. 1973లో కార్ల్ సోంథైమర్ దీనిని క్విజినార్ట్ పేరుతో అమెరికాలో ప్రవేశపెట్టాడు. క్యారెట్, క్యాబేజీ, బంగాళాదుంప, చీజ్ అక్కడి వంటకు ముఖ్యమైనవి. యంత్రంతో వచ్చే సూచనల పుస్తకాలలో నేటికీ ఎక్కువగా కనిపించేవి అవే. 1806 నుండి బ్రిటిష్ కంటోన్మెంటుగా పెరిగిన సికింద్రాబాదులోని మోండా మార్కెట్లో ఈ "ఇంగ్లీషు కూరలు", దొండ, బెండ, కాకర వంటి నాటు కూరలు పక్కపక్కనే అమ్ముతారు. ఒకే సంచిలో ఇంటికి వచ్చినా యంత్రం దగ్గర వీటి స్వభావాలు వేరు.

సాధారణ నియమాలు

కాయలను కడిగి, పొడిగుడ్డతో తుడిచి తడి ఆరనివ్వాలి. రెండు చివరలు సమంగా కోస్తే కాయ గొట్టంలో నిటారుగా నిలుస్తుంది. క్యారెట్‌ను నిలబెట్టి తరిగితే గుండ్రని చక్రాలు, అడ్డంగా పడుకోబెట్టి తురిమితే పొడవైన తురుము వస్తాయి. సన్నని కాయను ఒంటరిగా వేస్తే పక్కకు ఒరిగి ముక్కలు ఏటవాలుగా తెగుతాయి. అందుచేత మూడు నాలుగు కలిపి, మొదలు, కొస తారుమారుగా అమర్చాలి. గట్టి దుంపలను తోపుడు కడ్డీతో గట్టిగా, మెత్తని కాయలను తేలికగా నొక్కాలి. చాకు మొన దిగనంత గట్టిగా ఉన్న పదార్థాన్ని యంత్రంలో వేయరాదు. పొడి పదార్థాలు ముందు, నీరు ఊరేవి తరువాత, బీట్‌రూట్ అన్నిటికంటె చివర వేస్తే నడుమ గిన్నె కడిగే పని తప్పుతుంది.

కూరగాయలను బట్టి

క్యాబేజీని నాలుగు చెక్కలు చేసి మధ్యనున్న గట్టి కాడను తీసివేయాలి. దీనికి తరిగే డిస్కు వాడాలి. తురిమే డిస్కులో వేస్తే నీరు కారి ముద్దవుతుంది. ఉల్లిపాయలను పొట్టు తీసి, రెండుగా చీల్చి తరుగుతారు. హైదరాబాదీ బిర్యానీకి వేయించే ఉల్లికి యంత్రం బాగా పనికివస్తుంది. ముక్కలన్నీ ఒకే మందంలో ఉంటే ఒకేసారి ఎర్రబడతాయి, కొన్ని మాడి కొన్ని పచ్చిగా మిగలవు.

బంగాళాదుంప, అరటికాయ, వంకాయ ముక్కలు గాలి తగిలితే నల్లబడతాయి. యంత్రం వేగంగా తరుగుతుంది కనుక నీళ్ళ గిన్నె ముందే సిద్ధంగా ఉండాలి: వంకాయకు ఉప్పునీరు, అరటికాయకు మజ్జిగ కలిపిన నీరు, బంగాళాదుంపకు చల్లని మంచినీరు. చిప్స్‌కైతే బంగాళాదుంప ముక్కలను పిండి పదార్థం పోయేవరకు కడిగి, పూర్తిగా ఆరబెట్టాలి. కంద, చేమ దుంపలలో కాల్షియం ఆక్సలేట్ స్ఫటికాలు ఉండడం వలన దురద పుడుతుంది. చెక్కు తీసేముందు చేతులకు నూనె రాసుకోవడం మంచిది.

సొరకాయ, దోసకాయల విషయంలో తొందర పనికిరాదు. కొన ముక్క రుచి చూసి, చేదుగా ఉంటే ఉమ్మివేసి కాయ మొత్తాన్ని పారవేయాలి. ఈ చేదుకు కారణమైన కుకుర్బిటాసిన్లు వండినంత మాత్రాన పోవు. చేదు సొరకాయ రసం తాగినవారికి వాంతులు, విరేచనాలు, రక్తపు వాంతులు కలిగిన సంఘటనలను పరిశీలించి భారత వైద్య పరిశోధన మండలి నిపుణుల బృందం 2012లో నివేదిక ప్రచురించింది. కత్తిపీటపై ఒక్కొక్క కాయను విడిగా కోస్తారు కనుక చేదుకాయ అక్కడే బయటపడుతుంది. యంత్రంలో నాలుగు కాయలు నిమిషంలో కలిసిపోతాయి, ఆపై వేరుచేయడం అసాధ్యం.

బెండకాయ యంత్రానికి అంతగా లొంగదు. తడి ఏమాత్రం ఉన్నా జిగురు సాగి డిస్కుకు అంటుకుంటుంది. గోంగూర, తోటకూర వంటి ఆకుకూరలు నలిగి పసరు కారుతాయి. వీటికి కత్తిపీటే మేలు.

పనీరు, కొబ్బరి, మాంసం

పనీరును అరగంట ఫ్రీజర్‌లో ఉంచి తురిమితే పొడిపొడిగా వస్తుంది. కొబ్బరిచిప్పను కొంతసేపు ఫ్రీజర్‌లో ఉంచితే పెంకు సులభంగా ఊడుతుంది. ఆపై గోధుమరంగు పొర చెక్కి, ముక్కలను గొట్టంలో పట్టేటట్లు కోయాలి. ఒక్క చిప్పకోసం ఇంత శ్రమ అనవసరం, కొబ్బరికోరు చాలు. ఎముక లేని మాంసాన్ని సగం గడ్డకట్టిన స్థితిలో, చాకు దిగేటట్లు ఉన్నప్పుడు మాత్రమే తరగాలి.

జాగ్రత్తలు

గొట్టంలో వేళ్ళు, గరిటె పెట్టరాదు. డిస్కు పూర్తిగా ఆగిన తరువాతే మూత తీయాలి. డిస్కులను సబ్బునీటి తొట్టిలో వదలివేస్తే, కనబడక కడిగేవారి చేతులు తెగుతాయి.

పచ్చళ్ళు

తురుము పచ్చడికి, మాగాయకు మామిడికాయలను కడిగి, తుడిచి, చెక్కు తీసి, టెంక నుండి కండను వేరుచేసి యంత్రంలో వేయవచ్చు. గిన్నె, డిస్కు కూడా పొడిగా ఉండాలి. తడి తగిలితే పచ్చడి బూజు పడుతుంది. ఆవకాయ ముక్కకు టెంక ఉండవలసిందే కనుక దానికి ఫుడ్ ప్రాసెసర్ పనికిరాదు. అందుకే వేసవిలో జంటనగరాల మార్కెట్లలో బరువైన కత్తులతో కాయలు కొట్టి ఇచ్చేవారి వద్ద నేటికీ జనం వరుసలో నిలబడతారు.